పక్క పాత్ర: రోహిణీ హట్టంగడి గురించి నాలుగు మాటలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, “ఇంజనీరువి కదా, నీ వృత్తి గురించి ఒక అరగంట మాట్లాడు” అన్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక సిమెంటు, ఇనుము గురించి మాట్లాడితే సభ మొత్తం నిద్రపోతుందని, సినిమా గురించి మాట్లాడతానని అడిగాను. “సినిమా అయితే ఎవరూ లేచి వెళ్ళరులే” అని ఒప్పుకున్నారు. అయితే నేను మాట్లాడేది హీరో గురించీ కాదు, హీరోయిన్ గురించీ కాదు. వాళ్ళ పక్కన నిలబడి, వాళ్ళను మనం నమ్మేలా చేసిన ఒక నటి గురించి.

1991లో వచ్చిన ‘సీతారామయ్యగారి మనవరాలు’ ఈ హాల్లో చూడనివాళ్ళు తక్కువే ఉంటారు. క్రాంతికుమార్‌గారి దర్శకత్వం, కీరవాణిగారి సంగీతం. తాతగా అక్కినేని, మనవరాలిగా మీనా అందరికీ గుర్తే. ఆ తాతగారి భార్య జానకమ్మ కూడా గుర్తుండే ఉంటుంది. పంతం పట్టి కన్నకొడుకుతో మాటలు మానేసిన భర్త ఒకవైపు, కొడుకును తలుచుకుని లోలోపల కుమిలే మనసు ఇంకోవైపు, ఆ రెండింటి మధ్యా ఇంటిని నడుపుకొచ్చిన మనిషి. ఆ వేషం వేసిందెవరని అడిగితే, “గాంధీ సినిమాలో కస్తూరిబా వేసినావిడ” అంటారు గానీ పేరు చప్పున నోటికి రాదు. ఆవిడ పేరు రోహిణీ హట్టంగడి. మరాఠీ ఆవిడ.

ఆ సినిమా వచ్చేనాటికి అక్కినేనిగారికి అరవై ఆరేళ్ళు. ఆవిడ ఆయనకంటే పాతికేళ్ళకు పైనే చిన్న. ఊరు మనది కాదు, భాష మనది కాదు. అయినా ఆ ఇద్దరూ తెర మీద పక్కపక్కన కూర్చుంటే ఒక జీవితకాలం కాపురం చేసినవాళ్ళలాగే కనిపించారు. జానకమ్మను చూసి మన ఇళ్ళలో ఆడవాళ్ళు, “అచ్చం మా అత్తయ్యలాగే ఉంది”, “మా అమ్మమ్మ కూర్చునే తీరు ఇదే” అనుకున్నారు తప్ప, ఈవిడ ఎక్కడి మనిషి అని ఎవరూ ఆరా తీయలేదు.

మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. ఒక కట్టడంలో ఏ భాగం ఎంత బరువు మోస్తోందో తెలియాలంటే, ఆ భాగం లేదనుకుని లెక్క వేసి చూస్తాం. మిగతాది నిలబడితే ఆ భాగం అలంకారం. కూలిపోతే అది ఆధారం. ఆ లెక్క ఈ సినిమాకు వేసి చూడండి. జానకమ్మ లేకపోతే సీతారామయ్యగారి పంతం ఉత్త మొండితనంగా మిగిలిపోతుంది. ఆ పంతానికి మూల్యం చెల్లిస్తున్న మనిషి కళ్ళెదుట ఉంది కాబట్టే ఆయన బాధ మనకు తెలిసింది. అక్కినేనిగారు మహానటుడే, అందులో సందేహం లేదు. అంతటి నటుడికి కూడా ఎదురుగా అలాంటి మనిషి ఉండాలి.

ఇక ఆవిడ ఎక్కడినుంచి వచ్చారో చెబుతాను. రోహిణిగారు పుణెలో పెరిగారు. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో, ఇబ్రహీం అల్కాజీ డైరెక్టరుగా ఉన్న రోజుల్లో చదివి 1974లో బయటికొచ్చారు. అక్కడే చదువుకున్న నాటక దర్శకుడు జయదేవ్ హట్టంగడిని పెళ్ళి చేసుకున్నారు. ఇద్దరూ ముంబయిలో మరాఠీ, హిందీ నాటకాలు వేస్తూ బతికారు. 1978లో సయీద్ మిర్జా తీసిన ‘అరవింద్ దేశాయ్ కీ అజీబ్ దాస్తాన్’తో సినిమాల్లోకి వచ్చారు. అవి సమాంతర సినిమా రోజులు. డబ్బులు తక్కువ, పని నేర్చుకునే వీలు ఎక్కువ.

ఆ తర్వాత రిచర్డ్ అటెన్‌బరో ‘గాంధీ’కి కస్తూరిబా కోసం వెతుకుతూ ఈవిడను ఎంచుకున్నారు. అప్పటికి రోహిణిగారికి ముప్పై చుట్టుపక్కల వయసు. ఆ సినిమాలో ఆవిడ దక్షిణాఫ్రికాలో ఉన్న వయసు కస్తూరిబాగా మొదలై, 1944లో పుణె ఆగాఖాన్ ప్యాలెస్‌లో నిర్బంధంలో కన్నుమూసే కస్తూరిబా దాకా వెళ్ళాలి. మేకప్ ముడతలు పెట్టగలదు, జుట్టు నెరిపించగలదు. నడకను, చూపును, మాటకు ముందు ఆగే ఆ క్షణాన్ని మాత్రం నటి తెచ్చుకోవలసిందే.

ఆ సినిమా మళ్ళీ చూసే అవకాశం ఉంటే రెండు సీన్లు గమనించండి. ఒకటి, ఆశ్రమంలో మరుగుదొడ్లు శుభ్రం చేసే పని దగ్గర వచ్చే గొడవ. గాంధీ చెయ్యమంటాడు, ఆవిడ చెయ్యనంటుంది. ఆయన కోపం హద్దు దాటి ఆవిడను బయటికి నెట్టబోతాడు, తర్వాత సిగ్గుపడతాడు. మహాత్ముడిని మొదటిసారి మామూలు మొగుడిగా చూస్తాం. అలా చూపించింది ఆయన ఎదురుగా నిలబడ్డ ఆవిడే. రెండోది, పోర్‌బందర్‌లో సముద్రం పక్కన, విదేశీ విలేకరికి తమ పెళ్ళి ఎలా జరిగిందో చెబుతూ ఆ వయసులో మళ్ళీ ఏడడుగులు నడిచి చూపించే సీను. ఇద్దరు ముసలివాళ్ళ ముఖాల్లో చిన్నప్పటి పెళ్ళి కనిపిస్తుంది. ఈ రెండు సీన్లూ తీసేస్తే ఆ సినిమాలో గాంధీ నాయకుడిగా ఉంటాడు, మనిషిగా ఉండడు.

ఆ పాత్రకు ఆవిడకు 1983లో బ్రిటిష్ అకాడమీ వారి బాఫ్టా ఉత్తమ సహాయ నటి అవార్డు వచ్చింది. ‘రెడ్స్’లో నటించిన అమెరికన్ నటి మౌరీన్ స్టేపుల్టన్‌తో కలిపి ఇచ్చారు. ఆస్కార్లు ఎనిమిది వచ్చాయని మనందరికీ తెలుసు. ఈ బాఫ్టా సంగతి మన దేశంలో చాలామందికి తెలియదు.

కస్తూరిబా వేసిన అదే ఏడాది, 1982లోనే, మహేశ్ భట్ తీసిన ‘అర్థ్’ వచ్చింది. అందులో ఆవిడది పనిమనిషి వేషం. షబానా ఆజ్మీ, స్మితా పాటిల్ ఇద్దరూ ఢీ అంటే ఢీ అన్నట్టు నటించిన సినిమా అది. వాళ్ళ మధ్య ఇంకొకరు గుర్తుండటమే కష్టం. ఈ పనిమనిషికి ఒకటే కోరిక. కూతుర్ని మంచి బడిలో వెయ్యాలి. అందుకని ఇళ్ళలో అంట్లు తోముతూ ఫీజు కోసం రూపాయి రూపాయి దాస్తుంది. తాగుబోతు మొగుడు ఆ డబ్బు పట్టుకుపోయి ఇంకొకామె కోసం తగలేస్తాడు. ఆవిడ వాణ్ణి చంపేసి జైలుకు పోతుంది. కూతుర్ని షబానా పాత్ర తెచ్చుకుని పెంచుకుంటుంది.

ఇక్కడ బడి నడిపిన మాస్టార్లు, టీచర్లు ఉన్నారు. ఫీజు కట్టాల్సిన తేదీ అంటే ఒక తల్లికి ఏమిటో వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పదలుచుకున్నది ఇంకొకటి. చదువుకున్న భార్య మొగుడు వదిలేశాడని కుమిలిపోతుంటే, అదే ఇంట్లో అంట్లు తోమే మనిషి అదే కష్టాన్ని రోజూ దిగమింగుతూ ఉంటుంది. షబానా పాత్ర చివరికి తిరిగొచ్చిన మొగుణ్ణీ కాదని, ప్రేమించానన్న మనిషినీ కాదని, ఆ పాపను తీసుకుని తన కాళ్ళ మీద నిలబడుతుంది. ఆ పనిమనిషి లేకపోతే ఆ ముగింపే లేదు. ఫిలింఫేర్ ఉత్తమ సహాయ నటి అవార్డు ఆవిడకు ఈ పాత్రకే వచ్చింది.

1984లో మహేశ్ భట్టే ‘సారాంశ్’ తీశారు. మన ఉపాధ్యాయులందరూ చూడవలసిన సినిమా. ముంబయి శివాజీ పార్కు దగ్గర ఉండే రిటైరైన బడిపంతులు ప్రధాన్, ఆయన భార్య పార్వతి. ఒక్కగానొక్క కొడుకు న్యూయార్కులో దుండగుల చేతిలో చనిపోయాడు. కొడుకు చితాభస్మం తెచ్చుకోవడానికి కస్టమ్స్ ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది ఆ తండ్రికి. ప్రధాన్‌గా వేసిన అనుపమ్ ఖేర్‌కు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు, అదే ఆయనకు పెద్ద పేరు తెచ్చిన మొదటి సినిమా. దిక్కుతోచక ఆయన ముఖ్యమంత్రి దగ్గరికి దూసుకెళితే, ఆ ముఖ్యమంత్రి ఒకప్పటి ఆయన శిష్యుడే. పూర్వ విద్యార్థుల సభలో ఈ మాట చెప్పకుండా ఉండలేకపోయాను.

ఆ సినిమాలో అందరూ అనుపమ్ ఖేర్‌ను చూస్తారు. నేను అడిగేది, ఒక్కసారి పార్వతిని మాత్రమే చూస్తూ సినిమా చూడండి. ఆయనకు కోపం ఉంది, అరుపు ఉంది, ఆఫీసులో బల్ల గుద్దే సీను ఉంది. ఆవిడకు అవేమీ లేవు. చనిపోయిన కొడుకు, తమ ఇంట్లో అద్దెకున్న అమ్మాయి కడుపున మళ్ళీ పుడతాడన్న నమ్మకం ఒక్కటే ఉంది. హేతువాది అయిన భర్తకు అది మూఢనమ్మకం. కానీ ఆవిడ నమ్మే తీరు చూస్తే, ఆ నమ్మకాన్ని పట్టుకునే ఆవిడ ఊపిరి నిలిచి ఉందని మనకు తెలుస్తుంది. ఆయన దాన్ని తుంచక తప్పని చోట మనకూ చెయ్యి వణుకుతుంది. చివర్లో ఆ పెద్దాయన భార్య ముఖంలోని ముడతలను చూసి, తన జీవిత సారాంశం అక్కడే ఉందంటాడు. సినిమా పేరుకు అర్థం ఆ ముఖం మీద దొరుకుతుంది. ఆ ముడతలు వేసుకున్న నటి నిజానికి ముప్పైల్లో ఉంది.

ఆ ఏడాదే గోవింద్ నిహలానీ ‘పార్టీ’ వచ్చింది. మరాఠీ నాటక రచయిత మహేశ్ ఎల్కుంచ్‌వార్ నాటకం దానికి మూలం. ఒక పేరున్న రచయితకు అవార్డు వచ్చిందని విందు జరుగుతుంది. ఆ రచయిత భార్య మోహిని ఒకప్పుడు రంగస్థల నటి. ఇప్పుడు తాగి, తన బతుకు ఏమైందో అర్థంకాక ఆ విందులో తిరుగుతుంటుంది. ఆ మోహిని రోహిణిగారు. జాతీయ చలనచిత్ర అవార్డుల్లో ఉత్తమ సహాయ నటి అనే విభాగం 1984 సినిమాలతోనే మొదలైంది. మొట్టమొదటి అవార్డు ఆవిడకే, ఈ పాత్రకే వచ్చింది. మొగుడి కీర్తి పక్కన తన పని ఆగిపోయిన ఒక నటి పాత్రకు, సహాయ నటి పేరుతో దేశం ఇచ్చిన మొదటి అవార్డు అది. దీని గురించి చివర్లో మళ్ళీ మాట్లాడతాను.

రెండేళ్ళ వ్యవధిలో కస్తూరిబా, పనిమనిషి, పార్వతి, మోహిని. ఇంత తేడా ఉన్న నాలుగు పాత్రలు ఇంత బాగా చేసిన ముప్పైయేళ్ళ నటుడైతే ఏమయ్యేవాడు? అనుపమ్ ఖేర్‌ను చూడండి. ఇరవై ఎనిమిదేళ్ళకు ముసలాయనగా వేసి, ఆ తర్వాత విలనయ్యాడు, హాస్యం చేశాడు, కుర్ర పాత్రలూ పెద్ద పాత్రలూ అన్నీ చేశాడు. ఈవిడకు మాత్రం పరిశ్రమ ‘తల్లి’ అని ముద్ర వేసింది. ఆడది ఒకసారి తెర మీద జుట్టు నెరిపించుకుంటే మళ్ళీ నల్లబడనివ్వరు. మన దగ్గర నిర్మలమ్మగారి సంగతి తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. 1990లో ‘అగ్నిపథ్’లో ఈవిడ అమితాబ్ బచ్చన్‌కు తల్లి. వయసులో ఆయనకంటే ఈవిడే చిన్న.

ఆ తల్లి పాత్రను కూడా చూడండి. మాండ్వా అనే ఊళ్ళో బడిపంతులు భార్య. మంచివాడన్న నేరానికి మొగుణ్ణి ఊరే చంపేసింది. కొడుకు పగ పెంచుకుని నేరాల్లోకి దిగాడు. హిందీ సినిమాల్లో తల్లులు మామూలుగా ఏడుస్తారు, దీవిస్తారు. ఈ తల్లి ఒప్పుకోదు. కొడుకు తెచ్చిన డబ్బునూ ఒప్పుకోదు, వాడు నడిచే దారినీ ఒప్పుకోదు. ఆ సినిమాకు అమితాబ్‌కు జాతీయ అవార్డు వచ్చింది. ఆయన అంత గొంతు పెట్టి మాట్లాడేది ఎవరిని ఒప్పించడానికి? ఒప్పుకోని ఈ తల్లినే కదా.

మూసలో పడేసినా ఆవిడ మూసగా చెయ్యలేదు. 1989లో ‘చాల్‌బాజ్’ వచ్చింది. మన శ్రీదేవి ద్విపాత్రాభినయం. అందులో అమాయకురాలైన శ్రీదేవిని కాల్చుకు తినే అంబ ఈవిడే. కస్తూరిబా వేసిన మనిషే ఇదని చెబితే పిల్లలు నమ్మరు. 2003లో ‘మున్నాభాయ్ ఎంబీబీఎస్’లో మున్నా తల్లిగా, సునీల్ దత్ భార్యగా కనిపించారు. ఆ కథే మనకు ‘శంకర్‌దాదా ఎంబీబీఎస్’ అయి వచ్చింది. తెలుగులో రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’లో దయ్యం పట్టిన కూతురి తల్లిగా, గంగరాజుగారి ‘లిటిల్ సోల్జర్స్’లోనూ కనిపించారు. మలయాళంలో 1987లోనే ‘అచ్చువేట్టన్టె వీడు’లో నెడుముడి వేణుకు జోడీగా చేశారు. ఏ భాషకు వెళితే ఆ భాష ఇంటి ఆడమనిషి అయిపోవడం ఆవిడకు ఎలా వచ్చిందంటే, నాటకంలో పడ్డ తర్ఫీదు వల్లే అనుకుంటాను. నాటకంలో మాట ఒక్కటే చాలదు, చెయ్యి ఎక్కడ పెట్టాలి, చెంగు ఎలా దోపాలి, ఎదుటివాడు మాట్లాడుతుంటే ఏం చెయ్యాలి అన్నది కూడా నేర్పుతారు. పక్క పాత్రకు అన్నిటికంటే కష్టమైంది ఆ చివరిదే. తన మాట లేనప్పుడు కూడా అక్కడ ఉండాలి, అయినా ఎదుటివాడి సీను దోచుకోకూడదు.

ఇక టీవీ సంగతి. ఇందులో మన ఊళ్ళతో ఒక సంబంధం ఉంది. హైదరాబాదు రామోజీ గ్రూపు వారు 2000లో ఈటీవీ మరాఠీ ఛానెల్ పెట్టారు. దానిలో 2001లో ‘చార్ దివస్ సాసూచే’ అనే సీరియల్ మొదలైంది. అందులో దేశ్‌ముఖ్ కుటుంబం అత్తగారు ఆశ పాత్ర రోహిణిగారిది. “అత్తకు నాలుగు రోజులు, కోడలికి నాలుగు రోజులు” అని మరాఠీలో ఒక సామెత ఉంది. మనం “అత్త ఒకింటి కోడలే” అనుకున్నట్టన్నమాట. ఆ సామెతలోంచే సీరియల్ పేరు. నాలుగు రోజుల పేరు పెట్టిన ఆ సీరియల్ 2013 దాకా నడిచింది. ఎపిసోడ్లు మూడు వేలు దాటాయి.

ఇంజనీరుని కాబట్టి ఒక లెక్క వేశాను. ప్రకటనలు పోను ఎపిసోడుకు 20 నిమిషాలు అనుకున్నా 60,000 నిమిషాలు, అంటే 1,000 గంటలు. రెండున్నర గంటల సినిమాలతో పోలిస్తే 400 సినిమాల నిడివి. అన్ని సీన్లలోనూ ఆవిడే ఉండరు, నిజమే. అయినా పన్నెండేళ్ళ పాటు ఒకే మనిషిగా రోజూ మేకప్ వేసుకుని, నిన్నటి కోపం ఇవాళ ఎంత మిగలాలో గుర్తుపెట్టుకుని నటించాలి. సినిమాలో ఒక ముఖంలో యాభై ఏళ్ళు చూపించిన మనిషి, టీవీలో పన్నెండేళ్ళు నిజంగానే గడుపుతూ ఒక పాత్రను పెంచారు. సీరియళ్ళంటే మనలో కొందరికి చిన్నచూపు ఉంది. సాగదీత ఉంటుంది, ఏడుపు ఉంటుంది, కాదనను. కానీ సినిమా ఆవిడను ఎప్పుడూ మధ్యలో నిలబెట్టలేదు. టీవీ నిలబెట్టింది. యాభై ఏళ్ళ ఆడమనిషి చుట్టూ కథ తిరగడం వెండితెర మీద జరగలేదు, మహారాష్ట్ర ఇళ్ళలో రాత్రి భోజనాల వేళ టీవీలో జరిగింది. ఆ సీరియల్ అయిపోయిన ఏడాదే, 2013లో, జీ మరాఠీలో ‘హోణార్ సూన్ మీ హ్యా ఘర్‌చీ’ మొదలైతే అందులో ఇంటికి పెద్ద అయిన నాయనమ్మగా వచ్చారు.

ఈ మధ్యలో 2008లో భర్త జయదేవ్‌గారు పోయారు. నాటకం మాత్రం ఆవిడను వదల్లేదు, ఆవిడా దాన్ని వదల్లేదు. ఒక్కరే స్టేజీ మీద నిలబడి ‘అపరాజిత’ అనే ఏకపాత్ర నాటకం ఆడారు. సహాయ నటికి ఎదురుగా సహాయం చేసే మనిషి లేకుండా ఆడిన నాటకం అది.

2023లో మరాఠీలో ‘బాయ్‌పణ్ భారీ దేవా’ అనే సినిమా వచ్చింది. కేదార్ శిందే దర్శకుడు. ఆరుగురు అక్కచెల్లెళ్ళ కథ, అందరూ నడివయసు దాటుతున్నవాళ్ళు. మంగళగౌరి వ్రతం ఆటపాటల పోటీ కోసం వాళ్ళంతా మళ్ళీ ఒక్కచోట చేరతారు. అందులో పెద్దక్క రోహిణిగారు. ఆ సినిమాలో హీరో లేడు. అయినా థియేటర్లు నిండాయి, ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా వెళ్ళి చూశారు. కొడుకు కోసం, మొగుడి కోసం ఉన్న మనిషిగా కాకుండా, తన సంగతి తాను చూసుకునే మనిషిగా ఆవిడను తెర మీద ఇంతమంది చూడటానికి నలభై ఏళ్ళకు పైగా పట్టింది.

ఇప్పుడు ఇదంతా ఈ సభలో ఎందుకు చెబుతున్నానో చెప్పి ముగిస్తాను.

పక్క పాత్రల గొప్పతనం గురించి మాట్లాడటం తేలిక. చప్పట్లు కూడా బాగా పడతాయి. మన బడిలో కూడా అలాంటివాళ్ళు ఉన్నారు. గంట కొట్టిన అటెండర్లు, లేబరేటరీలో గాజు సామాను కడిగి పెట్టినవాళ్ళు, ఫీజు రసీదులు రాసిన గుమాస్తాలు, మార్కులు లెక్కలోకి రాని డ్రాయింగు, క్రాఫ్టు నేర్పిన మాస్టార్లు. మా ఇంజనీర్ల లెక్క ప్రకారం వాళ్ళను తీసేసి చూస్తే ఈ బడి ఒక్క రోజు నడవదు. వాళ్ళ పేర్లు ఈ సావనీరులో ఉండాలని కార్యవర్గం నిర్ణయించడం నాకు చాలా సంతోషంగా ఉంది.

కానీ రోహిణిగారి కథలో ఇంకో సగం ఉంది. పక్క పాత్రను గౌరవించడం వేరు, ఒక మనిషిని ఎప్పటికీ పక్కనే ఉంచేయడం వేరు. మొదటిది మర్యాద, రెండోది మన సౌకర్యం. “ఆహా, తల్లి పాత్ర ఎంత గొప్పది” అంటూనే ముప్పై ఏళ్ళ నటికి ముప్పై ఏళ్ళ పాత్ర ఇవ్వకపోవడం జరిగింది. ఇళ్ళలోనూ అదే జరుగుతుంది. “మా ఆవిడ లేకపోతే ఈ ఇల్లు నడవదండీ” అని మెచ్చుకునే నోటితోనే, ఆవిడ చేరదామనుకున్న ఉద్యోగం వద్దని చెప్పే ఇళ్ళు మనకు తెలియనివి కావు. మెచ్చుకోలు ఎక్కువయ్యేకొద్దీ, ఆ మనిషి ఏం కావాలనుకుంది అని అడగటం తగ్గిపోతుంది.

‘పార్టీ’లో మోహినిని మళ్ళీ గుర్తు చేసుకోండి. ఇక్కడ ప్రతి బ్యాచిలోనూ క్లాసు ఫస్టు వచ్చిన ఆడపిల్లలు ఉన్నారు. మాస్టార్ల దగ్గర మార్కుల రిజిస్టర్లు ఉంటే తీసి చూడండి, నేను చెప్పేది అబద్ధమైతే అనండి. వాళ్ళలో డాక్టర్లయినవారు, టీచర్లయినవారు, సొంతంగా వ్యాపారాలు నడిపేవారు ఉన్నారు, సంతోషం. పెళ్ళి చేసుకుని, భర్తగారి బదిలీల వెంట ఊళ్ళు తిరిగి, పిల్లల చదువులు, అత్తమామల మందులు చూసుకుంటూ ఆగిపోయినవారూ ఉన్నారు. కొందరు ఇష్టపడి ఆ దారి ఎంచుకున్నారు. ఆ ఇష్టాన్ని తక్కువ చేసే హక్కు నాకు లేదు. కొందరిని మాత్రం ఎవరూ అడగలేదు.

అందుకని ఈ సంఘానికి రెండు విన్నపాలు చేస్తున్నాను. మనం వేసుకునే చిరునామాల పుస్తకంలో మగవాళ్ళ పేరు పక్కన ఉద్యోగం, హోదా, కంపెనీ రాస్తున్నాం. చాలామంది ఆడవాళ్ళ పేరు పక్కన ‘గృహిణి’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తున్నాం. కొత్త పుస్తకం వేసేటప్పుడు వాళ్ళనే అడిగి, వాళ్ళు రాయమన్నది రాయండి. బడిలో ఉన్న ఇంటిపేరు కావాలంటే అదే ఉంచండి. రెండోది, మనం ఏటా ఇచ్చే స్కాలర్‌షిప్పులు పదో తరగతి పిల్లలకే ఇస్తున్నాం. వాటిలో ఒక్కటి, మధ్యలో చదువో పనో ఆపేసి యాభై ఏళ్ళకు మళ్ళీ మొదలుపెట్టాలనుకునే మన పూర్వ విద్యార్థినికి ఇవ్వండి. కంప్యూటరు కోర్సు కావచ్చు, సంగీతం డిప్లొమా కావచ్చు, ఎంఏ కావచ్చు. మొదటి ఏడాది డబ్బు మా బ్యాచి ఇస్తుంది. మా వాళ్ళను అడిగే చెబుతున్నాను.

డెబ్బై దాటాక కూడా ఒక నటికి కొత్త పాత్ర దొరికింది. మనలో ఎవరికీ ఇంకా అంత వయసు రాలేదు, వేదిక మీదున్న మా గురువులకు తప్ప. వాళ్ళలో ఇద్దరు ఈ మధ్యనే స్మార్ట్‌ఫోన్‌లో తెలుగు టైపు చెయ్యడం నేర్చుకున్నారని విన్నాను. కాబట్టి వయసు సాకు ఎవరూ చెప్పకండి.

ఈసారి టీవీలో ‘సీతారామయ్యగారి మనవరాలు’ వస్తే, తాతగారినీ మనవరాలినీ చూడండి, పాటలు వినండి, ఒక పది నిమిషాలు మాత్రం జానకమ్మనే చూడండి. తర్వాత టీవీ కట్టేసి, ఇంట్లో ఉన్న మనిషిని ఒక మాట అడగండి, నీకు ఏం చెయ్యాలనుంది అని.